పడవ టైముకి బతికిన ఊరు

మొన్న అంతర్వేది వెళ్దామని నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాం. డ్రైవరు కారుని పలకల మీదుగా పంటులోకి ఎక్కించి, హ్యాండ్ బ్రేకు లాగి దిగాడు. ఇంజను అందుకోగానే డీజిలు పొగ, నానిన మోకు వాసన, ఉప్పు కలిసిన నీటి వాసన మూడూ ఒకేసారి వచ్చి మొహాన కొట్టాయి. మావారు నా వంక తిరిగి, "హాంకాంగ్‌లో సెంట్రల్ పడవల రేవులో ఉన్నట్టు లేదూ?" అన్నారు. నేను అప్పటికే అక్కడున్నాను.

పక్కన బైకు మీద కూర్చున్న కుర్రాడు ఫోన్లో ఎవరితోనో "వంతెన పడితే ఈ ఖర్మ ఉండదురా" అంటున్నాడు. ఆ వంతెన వస్తోందని నా పెళ్ళికి ముందు నుంచీ వింటున్నాను. వస్తే మంచిదే. ఆస్పత్రికి పరిగెత్తేవాళ్ళున్నారు, కాలేజీ పిల్లలున్నారు. కానీ రేవు దాటితేగానీ ఇల్లు చేరలేని ఊళ్ళో ఏళ్ళ తరబడి కాపురం చేసినదాన్ని. అలాంటి ఊరికి రోడ్డు పడ్డాక ఏమవుతుందో దగ్గరుండి చూశాను. ఆ కుర్రాడికి చెప్పలేదు కానీ మీకు చెప్తాను.

* * *

మేం హాంకాంగ్ వెళ్ళేనాటికి అక్కడ ఇంకా ఇంగ్లీషువాళ్ళ పాలనే. విమానాలు కైటాక్‌లో దిగేవి. కౌలూన్ సిటీ మేడల మీదుగా కిందికి వచ్చి, ఆఖరి నిమిషంలో ఒక పక్కకి ఒరిగి మలుపు తిరిగి రన్‌వే మీద వాలేవి. కిటికీలోంచి ఎవరి డాబా మీదో ఆరేసిన బట్టలు కనిపిస్తే మా పెద్దది, "అమ్మా, వాళ్ళింట్లో దిగుతున్నామా?" అంది.

మావారికి ఊరి నడిబొడ్డున ఆఫీసులన్నీ ఉండే సెంట్రల్‌లో ఒక షిప్పింగ్ కంపెనీలో లెక్కల ఉద్యోగం. ఆఫీసుకి నడిచి వెళ్ళే దూరంలో ఇల్లు చూద్దామని బయల్దేరి, అద్దె విని మారు మాట్లాడకుండా బయటికొచ్చాం. ఆఫీసులో ఒక బెంగాలీ ఆయన "చిన్న పిల్లలున్నారుగా, డీబీ చూడండి" అన్నాడట. డీబీ అంటే డిస్కవరీ బే. లాంటావ్ దీవికి ఈశాన్య తీరాన, ఒక కంపెనీ కొండల మధ్య కట్టిన కాలనీ. మేం వెళ్ళేటప్పటికి అక్కడికి రోడ్డు లేదు. సెంట్రల్ నుంచి పడవలో అరగంట.

దిగగానే ఎదురుగా దుకాణాల ప్లాజా, పక్కనే ఇసుక తీరం, వెనకాల పచ్చటి కొండలు, కొండవాలున వరసలు వరసలుగా మేడలు. సొంత కార్లు నిషేధం. కాలనీ బస్సులు తిరిగేవి, సామాన్లకి వ్యానులుండేవి, కాస్త కలిగినవాళ్ళకి గోల్ఫ్ బండ్లు. ఆ బండ్లని 500 దగ్గర కట్టేశారు, కొత్తవి రానివ్వరు. దాంతో రానురాను తలుపులు కూడా లేని పాత బండి చేతులు మారాలన్నా మంచి విదేశీ కారు ఖరీదు పలికేది. ఆ బండ్లకి చప్పుడుండదు. వెనకనుంచి చిన్న గుయ్‌మనే శబ్దంతో వచ్చి మడమల దగ్గర ఆగేవి. నాకు మొదటి ఏడాదంతా అదో టెన్షన్.

ఏజెంటు మమ్మల్ని కొండ మీద ఒక చిన్న ఫ్లాట్‌లోకి తీసుకెళ్ళి వంటింటి కిటికీ తెరిచాడు. సముద్రం, రేవు, పడవ తిరిగి వెళ్తున్న నురగ గీత. మావారు గదుల కొలతలు అడుగుతున్నారు గానీ నేను అప్పటికే స్టవ్ ఎక్కడ పెట్టాలో చూసుకుంటున్నాను.

* * *

డీబీలో కాలం నడిచేది పడవ టైముల మీద. ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించిన టైముల కాగితం అందరిళ్ళలోనూ ఉండేది. "ఎన్నింటికి వస్తారు" అని ఎవరూ అడిగేవారు కాదు, "ఏ బోటుకి వస్తారు" అనే అడిగేవారు. పుట్టినరోజు పిలుపు కాగితాల మీద కూడా "ఆరున్నర బోటు దిగి నేరుగా రండి" అని రాసేవారు.

పొద్దున్న ఏడు దాటితే కొండ మీంచి రేవుదాకా బూట్ల టకటక. టై ఒక చేత్తో, బ్రెడ్డు ముక్క ఒక చేత్తో బ్యాంకుల వాళ్ళు, లాయర్లు, బడి పంతుళ్ళు మెట్లు దూకుతూ దిగేవారు. పడవ వాళ్ళకి మొహమాటం ఉండదు. టైము కాగానే ఇనుప గేటు జర్రున లాగేసేవారు. ఒక్క అడుగు దూరంలో ఆగిపోయినవాడు మేనేజరైనా గుమాస్తా అయినా ఒకటే. ఆ గేటు లాగిన చప్పుడు, ర్యాంపు ధడేల్మని ఎత్తిన చప్పుడు, ఆ తర్వాత ఇంజను గొంతు పెంచడం మా వంటింట్లోకి వినపడేవి. అప్పుడు గానీ నేను కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చునేదాన్ని కాదు.

పిల్లలు కాస్త పెద్దయ్యాక నేనూ సెంట్రల్‌లో ఒక ఆఫీసులో చేరాను. అప్పుడు తెలిసింది అసలు ఊరు పడవలో ఉందని. ఎవరి సీటు వాళ్ళకుండేది. రాసి పెట్టలేదు, అయినా కొత్తవాళ్ళు వచ్చి కూర్చుంటే వెనక వరస నుంచి ఒక దగ్గు వినపడేది. ముందు కుడి వైపు పేపరు చదివేవాళ్ళు. మధ్యలో పేకాట బృందం, బ్రీఫ్‌కేసు ఒళ్ళో బోర్లించి దాని మీదే పంచేవారు. వెనక కిటికీ పక్క మొహానికి రంగులేసుకునే అమ్మాయిలు, ఆ అలల కుదుపులో కూడా కాటుక చెదరకుండా పెట్టుకునేవారు. ఏ బడిలో సీటు ఖాళీ ఉంది, ఏ డెంటిస్టు మంచివాడు, ఎవరు సోఫా అమ్ముతున్నారు, ఎవరి కాంట్రాక్టు అయిపోతోంది, అన్నీ ఆ అరగంటలోనే.

రాత్రంతా కూడా పడవలు తిరిగేవి. శుక్రవారం అర్ధరాత్రి పడవలకి ఒక రకమైన వాసన ఉండేది, చెప్పనక్కర్లేదు. ఒక గోవా ఆయన ఇలాంటి రాత్రే నిద్రపోయి, డీబీలో దిగకుండా మళ్ళీ సెంట్రల్ వెళ్ళి, అక్కడా లేవకుండా తిరిగి డీబీకే వచ్చాడు. వాళ్ళావిడ రేవులోనే నిలబడి ఉంది. పడవ వాళ్ళు ఆ తర్వాత ఆయన సీటుని ప్రత్యేకంగా తట్టి వెళ్ళేవారు.

వసంతకాలంలో మంచు పట్టేది. కిటికీ అవతల ఏమీ కనపడదు. పడవ నెమ్మదించి, ఉండుండి భోంమని కూత వేసేది. ఎక్కడో కనపడని ఓడ ఇంకో కూతతో జవాబిచ్చేది. ఆ కొద్ది నిమిషాలు పేకాట వాళ్ళు కూడా ముక్కలు కింద పెట్టేవారు.

* * *

ఆ మంచు రోజుల్లోనే ఇంట్లో గోడలు చెమట పట్టేవి. ఫిబ్రవరి చివర నుంచి రెండు నెలలు అప్పడాలు మెత్తబడి, తోలు చెప్పులకి బూజు పట్టి, పట్టుచీరల నుంచి ముక్కిన వాసన వచ్చేది. తేమ లాగే మిషన్ రోజంతా గురగురమంటూ పక్కన నడవాల్సిందే. సాయంత్రానికి దాని తొట్టిలో బిందెడు నీళ్ళు. అత్తగారు పంపిన మినప వడియాలని ఆ మిషన్ ఎదురుగా పళ్ళెంలో పెట్టి కాపాడుకున్నాను.

బియ్యం కోసం నెలకోసారి అవతలి ఒడ్డున చిమ్ షా చుయ్‌లో మన దేశం కొట్లుండే చుంగ్‌కింగ్ మాన్షన్స్ మేడకి వెళ్ళేవాళ్ళం. దీవి దాకా సంచి మోసుకు రావాలి కాబట్టి చిన్న చక్రాల బండి కొన్నాం. సోనా మసూరి సంచి, కరివేపాకు పొట్లం, ఇంగువ డబ్బా దాని మీద కట్టి, రెండు పడవలు మారి ఇల్లు చేరేవాళ్ళం. రేవు ర్యాంపు మీద ఆ చక్రాల గరగర వింటే చాలు, మెట్ల మీద కూర్చున్న తమిళ పిల్లలు "ఆంటీ, కరివేపాకు దొరికిందా, అమ్మ అడగమంది" అని కేకేసేవారు.

ఇక పెరుగు. అక్కడి సూపర్ మార్కెట్‌లో పెరుగంటే తియ్యటిది, పళ్ళ ముక్కలు వేసింది. పిల్లలకి సరదాగా ఉండేది గానీ అన్నంలో కలిపితే ఏడుపే. మా కింది వరస మేడలో ఒక తమిళ మామి ఉండేది. ఆవిడ హార్లిక్స్ సీసాలో రెండు చెంచాల తోడు తెచ్చిచ్చి, ఎలా కాపాడుకోవాలో పిల్లని అప్పగించినంత జాగ్రత్తగా చెప్పి వెళ్ళింది. పాలు శిలువ గుర్తు సీసావే కొనాలంది. ట్రాపిస్ట్ పాలు. మా కాలనీ చివర నిమ్ షూ వాన్ అనే చిన్న పల్లె దాటి కొండ దారిన నడిస్తే ఒక మఠం వస్తుంది. చైనా నుంచి వచ్చిన ట్రాపిస్ట్ సన్యాసులది. మాట్లాడటం చాలా తక్కువ వాళ్ళకి. ఒకప్పుడు వాళ్ళే అక్కడ ఆవుల్ని పెంచి పాలు అమ్మేవారు, తర్వాత డెయిరీ వేరే చోటికి మారిపోయింది, పేరు మాత్రం సీసా మీద మిగిలింది. ఆదివారాలు పిల్లల్ని ఆ దారిన నడిపించేదాన్ని. మఠం గేటు దగ్గరికి రాగానే ఇద్దరూ వాళ్ళంతట వాళ్ళే గుసగుసల్లోకి దిగేవారు. ఇంట్లో ఎంత మొత్తుకున్నా జరగని పని.

చలికాలంలో ఆ తోడు తోడుకునేది కాదు. గిన్నెకి తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో గుచ్చి పెట్టేదాన్ని. మామి ఓవెన్‌లో లైటు వేసి పెట్టేది. గుజరాతీ ఆవిడ రెండు ఎండుమిరప తొడిమలు పడేసేది. వేసవి సెలవుల్లో ఎవరు ఇండియా వెళ్ళినా వాళ్ళ తోడు పక్కింటికి వెళ్ళేది, తిరిగి వచ్చిన రోజు సాయంత్రమే గుమ్మంలోకి గిన్నెతో వచ్చేది. కాంట్రాక్టు అయిపోయి ఊరు వదిలి వెళ్ళేవాళ్ళు కూడా ఆఖరి రోజున కొత్తగా దిగినవాళ్ళకి ఇచ్చి వెళ్ళేవారు. ఆ లెక్కన మా పిల్లలు తిన్న పెరుగన్నంలో ఎన్ని ఇళ్ళ గిన్నెలున్నాయో.

* * *

మా అత్తగారు ఒక చలికాలం వచ్చి ఉన్నారు. రెండో రోజు సాయంత్రం బీచ్‌లో నడిపించాను. అంత సేపూ మాట్లాడకుండా చూసి, చివరికి అడిగారు.

"ఏమే, ఈ ఊళ్ళో నాలాంటి ముసలాళ్ళు ఒక్కరూ కనపడరేంటి? ఏం చేశారు వాళ్ళని?"

"ఇక్కడ అందరూ ఉద్యోగాల మీద వచ్చినవాళ్ళే అత్తయ్యా. పని అయిపోగానే వెళ్ళిపోతారు."

"మరి శ్మశానం?"

"కాలనీకి శ్మశానం లేదు."

"శ్మశానం లేని ఊరేంటే. గుడి?"

"హాంకాంగ్ దీవిలో ఉంది, హ్యాపీ వ్యాలీలో. పడవెక్కి వెళ్ళాలి."

"చెరువు?"

చెరువుంది. కొండ మీద రిజర్వాయరు. మర్నాడు అక్కడిదాకా తీసుకెళ్ళాను. ఆయాసపడుతూ ఎక్కి, నీళ్ళ వంక చూసి కాస్త కుదుటపడ్డారు. బీచ్‌లో ఇసుక కూడా బయటి నుంచి తెచ్చి పోసిందేనని మావారు చెప్తే మాత్రం, "సముద్రమైనా అసలుదేనా?" అన్నారు.

ఆవిడకి నచ్చింది పెంగ్ చౌ. డీబీ ఎదురుగా ఉన్న చిన్న దీవి. కైటో అనే చిన్న పడవ ఉండేది, మఠం దగ్గర ఆగి మరీ వెళ్ళేది. అక్కడ దిగితే మూరెడు సందులు, గుమ్మాల్లో పీటలు వేసుకుని కూర్చున్న చైనా అవ్వలు, తాడు మీద వేలాడుతున్న ఎండు చేపలు. అత్తగారి మొహం వెలిగిపోయింది. డీబీలో లేని ముసలాళ్ళంతా ఇక్కడున్నారు. రేవు దగ్గర జాలర్ల దేవత తిన్ హౌ గుడి చూసి చెప్పులు విప్పి, "గంగమ్మేగా" అని దణ్ణం పెట్టుకున్నారు. లోపల చుట్టలు చుట్టలుగా వేలాడే అగరొత్తుల బూడిద ఆవిడ భుజం మీద రాలింది. దులపనివ్వలేదు.

ఎండు రొయ్యల కొట్టు దగ్గర జరిగింది ఇప్పటికీ తలుచుకుంటాను. కొట్టావిడకి డెబ్బై ఉంటాయి, మా అత్తగారికీ అంతే. అత్తగారు ఒక రొయ్యని తీసి రెండు వేళ్ళ మధ్య నలిపారు. వాసన చూశారు. తోకని గోటితో విరిచి, టక్‌మని విరిగిందో లేదో చెవి దగ్గర పెట్టుకున్నారు. తల అడ్డంగా ఊపి ఇంకో గంప చూపించారు. కొట్టావిడ ఆ గంప మీద చెయ్యి అడ్డం పెట్టి వేళ్ళతో ధర చూపించింది. అత్తగారు ఒక వేలు ముడిచారు. ఆవిడ ఏదో అరిచింది. ఈవిడ తెలుగులో, "మా అంతర్వేదిలో ఇంతకంటే లావువి సగానికి ఇస్తారమ్మా" అన్నారు. ఆవిడ కాంటనీస్‌లో అంతే పొడుగు జవాబిచ్చింది. నేను మధ్యలోకి వెళ్ళబోతే ఇద్దరూ నన్ను పక్కకి జరగమన్నట్టు చూశారు. చివరికి తూకం అయింది, డబ్బు చేతులు మారింది. అయినా అత్తగారు సంచి మూతి తెరిచి పట్టుకుని కదలకుండా నిలబడ్డారు. కొట్టావిడ ఒక క్షణం చూసి, పక్కున నవ్వి, గుప్పెడు రొయ్యలు తీసి సంచిలో పోసింది. కొసరు. ఏళ్ళ తరబడి ఆ కొట్లో కొన్న నాకు ఒక్కసారి కూడా పొయ్యలేదు.

ఆ రొయ్యలు ఉల్లిపాయలతో వేయించిన రోజు మేడంతా వాసన. పై అంతస్తులో ఒక ఆస్ట్రేలియా పైలట్ ఉండేవాడు. మర్నాడు లిఫ్టులో అత్తగారిని చూసి ముక్కు పట్టుకుని, వెంటనే నవ్వి నమస్కారం పెట్టాడు. "వీడికి సగం మర్యాద తెలుసు" అన్నారావిడ.

* * *

1996 నవంబరులో కోనసీమ మీద తుపాను విరుచుకుపడింది. ఆరో తారీఖు రాత్రి. మాకు తెలిసింది ఎలాగంటే, పొద్దున్న పడవలో మావారు ఇంగ్లీషు పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో చిన్న వార్త. ఆంధ్ర తీరం, తూర్పు గోదావరి, వందల్లో మరణాలు. ఆఫీసుకి వెళ్ళకుండా తిరుగు పడవలో వచ్చేశారు. ప్లాజా దగ్గర ఫోను బూత్‌లో కార్డు మీద కార్డు అరగదీశాం. రాజోలు వైపు ఒక్క లైనూ కలవలేదు. కలిసినప్పుడు మా అన్నయ్య మొదట అన్నది, "అందరం ఉన్నాం. చెట్లు లేవు." కొబ్బరి తోటలన్నీ పడుకున్నాయి. చనిపోయినవాళ్ళు వెయ్యి దాటారు.

ఆ బూత్ పక్కనే క్యూలో ఫిలిప్పీన్స్ పనమ్మాయిలు నిలబడి ఉండేవారు, అదే కార్డులతో. వాళ్ళకి తుపాను వార్త ప్రతి ఏడూ వచ్చేదే. ఆ రోజు ఒకావిడ తన వంతు మాకిచ్చి వెనక్కి వెళ్ళింది.

మూడేళ్ళకి, 1999 సెప్టెంబరు 16న, యార్క్ తుపాను నేరుగా హాంకాంగ్ మీదకొచ్చింది. అక్కడ అన్నిటికన్నా పెద్ద హెచ్చరికైన పదో నంబరు సిగ్నల్ 11 గంటల పాటు దించలేదు. బాల్కనీలో కుండీలు, కుర్చీలు లోపలికి లాగాం. అద్దాలకి గుణకారం గుర్తులా టేపు అంటించాం. అల్యూమినియం చట్రం సందుల్లోంచి గాలి సన్నగా ఈల వేస్తూ, నీళ్ళు అడ్డంగా చిమ్ముతుంటే ఇంట్లో తువ్వాళ్ళన్నీ కిటికీల కిందే. పిల్లలకి మాత్రం పండగ. బడి లేదు, మెట్ల మీద ఏడెనిమిది దేశాల పిల్లలు చేరి కొవ్వొత్తి వెలుగులో ఆటలు. నేను గాలి హోరు పెరిగినప్పుడల్లా మావారి వంక చూసేదాన్ని. ఆయన, "ఇవి కాంక్రీటు గోడలే, పడవు" అనేవారు. మా ఇద్దరికీ తెలుసు ఆయన మాట్లాడేది ఏ గోడల గురించో, నేను తలుచుకునేది ఏ ఇళ్ళనో. అదీ తుపానే, ఇదీ తుపానే. ఒక చోట సెలవు దినం, ఇంకో చోట ఊళ్ళకి ఊళ్ళు. మర్నాడు బీచ్ నిండా థర్మాకోల్ పెట్టెలు, వెదురు గడలు, ఎవరివో ఒంటి చెప్పులు.

* * *

హాంకాంగ్‌ని చైనాకి అప్పగించిన రాత్రి, అంటే 1997 జూన్ 30న, ఒకటే వాన. ఎదురు ఫ్లాట్ ఇంగ్లీషు దంపతులు మమ్మల్ని టీవీ చూడ్డానికి పిలిచారు. ఆఖరి గవర్నరు ప్యాటెన్ తడుస్తూ నిలబడ్డాడు, జెండా దిగుతోంది. ఆవిడ ఏడుస్తోంది. ఆయన గది మూల నిలబడి మర్నాటికి చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. కొన్ని నెలలకి వాళ్ళూ వెళ్ళిపోయారు. అదే ఏడాది ఇల్లు కొన్నవాళ్ళ పని మాత్రం ఘోరమైపోయింది. 2003 నాటికి ధరలు సగానికి పైగా పడిపోయి, అమ్మినా అప్పు తీరని స్థితిలో అక్కడే ఉండిపోయారు. మేం అద్దెకున్నాం కాబట్టి బతికిపోయాం. అది తెలివి కాదు, చేతిలో లేకపోవడం.

వెళ్ళిపోవడం డీబీలో ఋతువు. జూన్ వస్తే ప్లాజా నోటీసు బోర్డు నిండిపోయేది. పియానో, బంక్ మంచం, తేమ మిషన్, పనమ్మాయికి మంచి ఇల్లు కావలెను. ఆ చివరిది సోఫాల మధ్యలో చదవడం నాకు ఎప్పుడూ బాగుండేది కాదు. మా ఇంట్లో పని చేసిన ఆవిడ, ఫిలిప్పీన్స్‌లో ఇలోయిలో ఊరావిడ, కూడా అలాంటి కాగితం మీదే దొరికింది. పిల్లలు ఆంటీ అనేవారు. నాకంటే బాగా చారు పెట్టేది. తన పిల్లల్ని తల్లి దగ్గర వదిలి వచ్చింది. ఆదివారం పొద్దున పడవ నిండా వాళ్ళే ఉండేవారు, సెంటు వాసనలు, నవ్వులు. సెంట్రల్‌లో బ్యాంకు మేడల కింద అట్టలు పరుచుకుని రోజంతా గడిపి, రాత్రి పడవలో చెప్పులు చేత పట్టుకుని నిద్రపోతూ వచ్చేవారు.

* * *

2000లో కొండకి సొరంగం పడింది. చాలామంది వద్దన్నారు, సంతకాలు పెట్టారు, పడవలో వాదించుకున్నారు. నేను కావాలన్న పక్షమే. రాత్రి పూట హెలికాప్టర్ చప్పుడు వినపడితే, ఎవరికో ఒంట్లో బాగోలేదని పడుకున్న చోటే దణ్ణం పెట్టుకునే రోజులు అవి. మా చిన్నవాడికి ఉబ్బసం. రోడ్డు ఉంటే ఎంత ధైర్యమో ఆ రాత్రులు గడిపినవాళ్ళకే తెలుస్తుంది.

సొరంగంలోంచి బస్సులు వచ్చాయి. అవతల తుంగ్ చుంగ్ అనే ఊళ్ళో రైలు, అక్కడికి దగ్గరే కొత్త విమానాశ్రయం. అత్తగారు రెండోసారి వచ్చినప్పుడు పడవ ఎక్కకుండానే ఇంటికొచ్చారు. "ఇదేం ఊరే, ఇంత దగ్గరా?" అన్నారు, నిరాశగా. పడవలు ఆగలేదు, కానీ మా వెనక వరస పలచబడింది. పేకాట బృందంలో ఇద్దరు బస్సుకి మారారు. నలుగురాడే ఆట ఇద్దరితో సాగక, బ్రీఫ్‌కేసు తిరిగి పక్కన కూర్చుంది. ఎవరితోనూ తగువు లేదు, ఎవరూ ఊరు వదల్లేదు. రోజూ కనపడేవాళ్ళు పది రోజులకోసారి కనపడటం మొదలైంది, అంతే.

2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల అంటురోగం వచ్చినప్పుడు ఒక్కసారి పాత రోజులు తిరిగొచ్చాయి. మార్చి చివర్లో బడులు మూసేశారు. చాలా కుటుంబాలు సొంత దేశాలకి వెళ్ళిపోయాయి. హాంకాంగ్‌లో 1,755 మందికి సోకి 299 మంది పోయారు. మిగిలినవాళ్ళం గాలి ఆడుతుందని బస్సు మానేసి పడవే ఎక్కేవాళ్ళం, మాస్కులతో పై డెక్కు మీద దూరందూరంగా నిలబడి. ఆ నెలల్లో నాకు పరిచయమైన కొందరి మొహాలు సగమే గుర్తు.

తర్వాత 2005లో పక్క అఖాతంలో డిస్నీలాండ్ తెరిచారు. రోజూ రాత్రి టపాకాయల మోత. మొదటి వారం అందరం బాల్కనీల్లోకి వచ్చి చూశాం. రెండో వారం నుంచి కుక్కలు మాత్రమే పట్టించుకున్నాయి.

* * *

మావారి కాంట్రాక్టు కూడా ఒక జూన్‌లోనే అయిపోయింది. మా మంచం, తేమ మిషన్ బోర్డెక్కాయి. ఇలోయిలో ఆవిడ కొత్తగా పని వెతుక్కోలేదు, ఇంటికి వెళ్ళిపోయింది. ఇప్పుడు అక్కడ చిన్న కొట్టు నడుపుతోంది, క్రిస్మస్‌కి ఫోను చేసి "మేడమ్, చారు" అని నవ్వుతుంది. తోడు గిన్నె పుణె నుంచి దిగిన ఒక కొత్త జంటకి ఇచ్చాను. ఆ అమ్మాయి, "ఎన్ని రోజులుంటుంది ఆంటీ ఇది?" అంది. మామి అప్పటికే చెన్నై వెళ్ళిపోయింది, లేకపోతే దానికి గంట క్లాసు తీసుకునేది.

ఈ మధ్య పాతవాళ్ళంతా ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. పెర్త్, మాంచెస్టర్, చెన్నై, ఇలోయిలో, మేం భీమవరం. ఆ పుణె అమ్మాయి ఇంకా డీబీలోనే ఉందట, శాశ్వత నివాసం కూడా వచ్చింది. పోయిన వారం పెరుగు గిన్నె ఫోటో పెట్టి, "మీ తోడే ఆంటీ" అని రాసింది. మామి వెంటనే, "అది మీ ఆంటీది కాదు, నేను కుంభకోణం నుంచి తెచ్చింది" అంది. గుజరాతీ ఆవిడ, మామి దిగకముందే తమ ఇంట్లో తోడు ఉందని, మొదట మామికి ఇచ్చింది తనేనని సాక్ష్యాలతో సహా వచ్చింది. మామి మూడు నిమిషాల ఆడియో పెట్టింది, తమిళంలో. నేను మామి పక్షం. హార్లిక్స్ సీసా నా కళ్ళతో చూశాను.